లండన్ పోస్టల్ డిస్ట్రిక్టులు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

లండన్‌లో అద్దె ఇల్లు వెతికేవాళ్ల నోట్లో పేటల పేర్లకంటే ముందు నానేవి ఎన్1, ఎస్‌డబ్ల్యూ9 లాంటి పోస్టల్ డిస్ట్రిక్టులే. అంటే చిరునామాలోని పోస్ట్‌కోడ్‌లో మొదటి ముక్క: ఎన్ ఉత్తరం, ఎస్‌డబ్ల్యూ నైరుతి, ఎస్‌ఈ ఆగ్నేయం; అంకె ఆ దిక్కులోని ఒక ప్రాంతం. పార్సిల్ చేర్చడంలో వీటికి ఐదుకి ఐదు మార్కులు వేస్తాను. మనిషికి దారి చెప్పడంలో ఒకటిన్నర, అదీ జాలిపడి.

అసలు పేచీ అంకెలతోనే. మొన్న తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, ఆఫీసు ఎస్‌ఈ1, రూమ్ ఎస్‌ఈ2లో దొరికింది. నడిచి వెళ్లిపోవచ్చు కదా?" అన్నాడు. ఎస్‌ఈ1 అంటే వాటర్లూ వైపు. ఎస్‌ఈ2 ఆబీ వుడ్, ఎక్కడో తూర్పు కొసన. మ్యాప్ మీద గీత గీసి కొలిచినా వాటర్లూ నుంచి 16 కిలోమీటర్ల దాకా వస్తుంది. 1917లో అంకెలు వేసినప్పుడు 1ని ఆ దిక్కుకి ప్రధానమైన తపాలా ఆఫీసు ప్రాంతానికి ఇచ్చి, మిగతావి ఇంగ్లిష్ అక్షర క్రమంలో పంచేశారు. అందుకే ఆబీ వుడ్ 2, బ్లాక్‌హీత్ 3, బ్రాక్లీ 4. హాజరు పట్టీలో పక్క నంబరువాడు పక్కింట్లో ఉండాలని ఎక్కడుంది?

దిక్కులూ అంతంతమాత్రమే. 1850ల్లో చేసిన పది డిస్ట్రిక్టుల్లో ఎస్ (దక్షిణం), ఎన్‌ఈ (ఈశాన్యం) కూడా ఉండేవి. 1860ల్లోనే రెండింటినీ ఎత్తేశారు. ఇప్పుడు ఆ అక్షరాలు వేరే ఊళ్లవి: షెఫీల్డ్‌ది ఎస్, న్యూకాజిల్‌ది ఎన్‌ఈ.

హద్దుల దగ్గర ఇంకో టెన్షన్. కౌన్సిల్ ట్యాక్స్, చెత్త, పార్కింగ్ పర్మిట్ చూసేది బరో, అంటే సొంత కౌన్సిల్ ఉన్న నగర విభాగం. పోస్ట్‌కోడ్‌కి బరో హద్దులతో సంబంధమే లేదు. 1965లో గ్రేటర్ లండన్ ఏర్పడినా తపాలా గీతలు కదల్లేదు. బ్రామ్లీ, కింగ్‌స్టన్ నగరం లోపలే ఉన్నా కోడ్‌లు బీఆర్, కేటీ. నగరం బయట, ఎసెక్స్ కౌంటీలోని సీవర్డ్‌స్టన్‌కి మాత్రం దర్జాగా లండన్ ఈ4! క్రిస్టల్ ప్యాలెస్ దగ్గరైతే ఐదు బరోలు కలుస్తాయి, అక్కడ రోడ్డు దాటితే బిల్లు పంపే కౌన్సిల్ మారిపోవచ్చు.

ఇల్లు చూడ్డానికి వెళ్తే వీధి బోర్డు చదవండి. చాలాచోట్ల తెల్ల పలక మీద నల్లగా వీధి పేరు, చివర ఎర్రగా డిస్ట్రిక్టు, పక్కనో కిందో బరో పేరు ఉంటాయి. ఏజెంటు చెప్పే పేట పేరు కంటే అదే నమ్మకం. ఖరీదైన పేట పేరుని నాలుగు వీధుల అవతలి దాకా సాగదీయడం వాళ్లకి మామూలే.

పూర్తి పోస్ట్‌కోడ్ సంగతి వేరు. ఒక్కో కోడ్ కిందికి సగటున 15 ఇళ్లే వస్తాయి, ఫోన్‌లో కొడితే దాదాపు గుమ్మం దాకా తీసుకెళ్తుంది. ప్రకటనలో ఎస్‌ఈ2 అని మొదటి ముక్కే వేస్తే, రెండో ముక్క చెప్పేదాకా అడ్వాన్సు పంపకండి.