ఈనో పొట్లమా, పాంటోప్రజోల్ మాత్రా?

పెళ్లి భోజనంలో గుత్తివంకాయ, గారెలు, పులిహోర ఒక పట్టు పట్టిన రాత్రి గుండెల్లో మంట మొదలైతే ఈనోయే నయం. గ్లాసు నీళ్లలో పొడి వెయ్యగానే బుస్సున పొంగుతుంది. తాగిన కాసేపటికే త్రేన్పు వచ్చి పొట్ట తేలికపడుతుంది. అందులోని సోడా, పొట్టలో అప్పటికే ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తుంది. కొత్తగా ఊరేదాన్ని మాత్రం ఆపదు. సోడియం ఎక్కువ కాబట్టి బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు.

పాంటోప్రజోల్ దారి వేరు. ఇది ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తుంది. పూర్తిగా పనిచెయ్యడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటికప్పుడు మంట చల్లార్చదు. మా నాన్న పెసరట్టు తిని, కాఫీ తాగి, ఆ తర్వాత మాత్ర వేసుకునేవారు. "ఇది పనిచెయ్యట్లేదమ్మా" అని రోజూ అదే మాట. పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోమన్నాను. వారం తిరిగేసరికి రాత్రిళ్లు లేచి కూర్చోవడం తప్పింది. అలాగని ఏళ్ల తరబడి సొంతంగా మింగితే బి12, మెగ్నీషియం తగ్గే ప్రమాదముంది.

ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకు ఈనో చాలు. వారానికి రెండు మూడుసార్లు వస్తుంటే డాక్టరు చెప్పినన్నాళ్లు మాత్ర. మలం నల్లగా వచ్చినా, ముద్ద దిగకపోయినా, ఊరికే బరువు తగ్గుతున్నా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడుతుంటే గ్యాస్ అనుకుని ఈనో కలుపుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చెయ్యండి.