మంచుకొండల గాగుల్స్‌తో కోనసీమలో మూడు బసలు

ధవళేశ్వరం ఆనకట్ట మీదికి మేము చేరేసరికి తెల్లవారుజామున ఐదున్నర అయింది. జనవరి పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, ముందు వెళ్తున్న వ్యాను ఎర్రదీపాలు తప్ప గోదావరి గానీ, గట్టు గానీ, ఆనకట్ట గేట్లు గానీ కనిపించలేదు. బండి మీద నా వెనుక కూర్చున్న మా బావమరిది తన కళ్ళజోడును రెండు నిమిషాలకోసారి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "నీకు కనబడుతోందా బావా?" అని అడుగుతూనే ఉన్నాడు. నాకు కనబడుతోంది. కిందటి ఏడాది ఫిబ్రవరిలో మనాలి దగ్గరి సోలాంగ్ లోయకు స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడు కొన్న గాగుల్స్ నా ముఖాన ఉన్నాయి. మంచు మీది ఎండకు పనికొచ్చే ముదురు అద్దాన్ని ఇంట్లోనే వదిలి, వెలుతురు తక్కువైనప్పుడు వాడే లేత పసుపు అద్దాన్ని బిగించి తెచ్చుకున్నాను. అన్నిటికన్నా ముదురైన నాలుగో తరగతి అద్దాలతో అసలు ఏ వేళలోనూ బండి నడపకూడదు.

ఈ ప్రయాణంలో దిగిన బసలను నేను ఒక వింత కొలతతో తూచాను: ఈ గాగుల్స్‌ను ఎక్కడ సరిగా ఆరబెట్టుకోగలిగాను, ఎక్కడ పాడుచేసుకున్నాను అన్నదే ఆ కొలత. అందుకని ముందుగా ఈ వస్తువు తీరు చెప్పాలి. మంచి స్కీ గాగుల్స్‌లో అద్దాలు రెండు ఉంటాయి. వాటి అంచుల మధ్య సన్నని పట్టీ పెట్టి, నడుమ గాలి పొర నిలిచేలా అతికిస్తారు. బయట గడ్డకట్టే చలి ఉన్నా ఆ గాలి పొర వల్ల లోపలి అద్దం అంతగా చల్లబడదు కనుక, ముఖం నుంచి వచ్చే చెమట ఆవిరి దాని మీద తొందరగా నీరు కట్టదు. అప్పటికీ కట్టే తేమ కోసం లోపలి అద్దం లోవైపున యాంటీఫాగ్ పూత ఉంటుంది. అది నీటిని బిందువులుగా నిలవనీయక, పలుచని పొరగా పరిచేస్తుంది. చూపును మసకబరిచేది నీరు కాదు, కోట్ల కొద్దీ చిన్న బిందువులు. చిక్కంతా ఒక్కటే: ఈ పూత తడిసినప్పుడు మెత్తబడుతుంది, అప్పుడు రుద్దితే గీతలు పడి లేచిపోతుంది. సోలాంగ్‌లో మా శిక్షకుడు మొదటి రోజే హెచ్చరించాడు, పడి లేచాక లోపల మంచు ఉంటే దులపాలే తప్ప వేలు పెట్టకూడదని.

ఈ సంగతి బావమరిదికి ఎంత చెప్పినా ఎక్కలేదు, ఆత్రేయపురంలో ఎక్కింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీదుగా లాగగానే రేకు లేచిపోవడం చూస్తూ, తడి చేత్తో ఒక రేకును పట్టుకోబోయాడు. అది వేళ్ళకే అంటుకుని చిరిగిపోయింది. రేకులు చుడుతున్నామె నవ్వి, చేయి తుడుచుకుని రమ్మంది. "నీ గాగుల్స్ పూత కూడా ఇంతేనా?" అన్నాడు. ఇంతే. మేము కొన్న బెల్లం పూతరేకులు బాగున్నాయి, నెయ్యికి లోటు చేయలేదు, కానీ పొడి చేతులతో తినాలి.

లొల్ల లాకులు చూసి, రావులపాలెం మీదుగా, వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే పి.గన్నవరం అక్విడక్టు దగ్గర కాసేపు ఆగి, సాయంత్రానికి ఒక పట్టణంలో బస్టాండు పక్క లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, భోజనానికి బయటికి వెళ్ళాల్సిన పనీ లేకపోయింది. కానీ కిటికీ తెరిస్తే గోడ, గాలి ఆడదు. గట్ల మీది పొగమంచుకు, నా చెమటకు తడిసిన గాగుల్స్‌ను బల్ల మీద లోపలివైపు పైకి పెట్టి భోంచేయడానికి కిందికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి, గది సర్దిన కుర్రాడు ఎంతో ఆప్యాయంగా, "మసగ్గా ఉన్నాయని తువ్వాలుతో గట్టిగా తుడిచి పెట్టానండి" అన్నాడు. అతన్ని ఏమనగలను? కళ్ళజోడు మాసి కనిపిస్తే తుడిచి ఇవ్వడం మనకు మర్యాద. కుడివైపు అద్దం మీద బొటనవేలంత మేర పూత చారలుగా లేచిపోయింది. సంచిలో ఉంచాల్సిన వస్తువును బల్ల మీద వదిలిన తప్పు నాదే, అయినా ఆ లాడ్జికి నా కొలతలో అట్టడుగు స్థానం తప్పదు.

మర్నాడు రాజోలు చేరాక రెండు కళ్ళజోళ్ళ దుకాణాలకు వెళ్ళాను. మొదటి చోట స్పిరిట్ వాసన వేసే ద్రవం సీసా అప్పటికే చేతిలోకి తీసుకున్నారు. వద్దని వెనక్కి లాక్కున్నాను. ఆల్కహాల్, అమోనియా ఉన్న అద్దాల ద్రవాలు, సబ్బునురుగు, కాగితపు రుమాళ్ళు, ఇవన్నీ ఈ పూతకు శత్రువులే. రెండో దుకాణం పెద్దాయన వెలుతురుకు ఎత్తి చూసి, "లోపలి పూతండి ఇది, మేం ముట్టుకోం. ఊడింది మళ్ళీ రాదు, అద్దం మార్చుకోవడమే" అన్నారు. పైసా తీసుకోలేదు. బయటివైపు తుడుచుకోవడానికి మాత్రం మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి ఇచ్చి, ముందు దుమ్ము ఊదేసి తరువాతే తుడవమన్నారు. ఈ యాత్రలో దొరికిన సేవలన్నిటిలో నేను మొదట నిలబెట్టేది ఆయన మాటనే.

ఆ మసక మచ్చ వల్ల ఒక మేలు జరిగింది. దిండి వైపు పొద్దున్నే వెళ్తున్నప్పుడు, ఒకే అద్దంలో పూత ఉన్న చోట దారి తేటగా, పోయిన చోట పాలనురుగులా కనిపించింది. పూత పని చేస్తోందా లేదా అని ఇంతకన్నా స్పష్టంగా చూపేది మరొకటి లేదు.

దిండిలో గోదావరి పాయ అయిన వశిష్ఠ ఒడ్డునే ఉన్న విడిదిలో దిగాం. నది మీద పడవలు, కొబ్బరి చెట్ల నీడ, చేపల పులుసు, అన్నీ చెప్పుకోదగ్గవే. అద్దె మొదటి లాడ్జికి రెండింతలకు మించి ఉంది. అక్కడ ఒక తమాషా జరిగింది. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన గాగుల్స్‌ను వరండాలోకి తేగానే, నది మీది తేమగాలి తగిలి బయటి అద్దం తెల్లబడిపోయింది. హిమాలయాల్లో లోపల పట్టే ఆవిరి గోదావరి ఒడ్డున బయట పట్టింది! బావమరిది చేయి చొక్కా అంచు మీదికి పోయింది. ఆపాను. ఐదు నిమిషాల్లో అద్దం బయటి వేడికి వచ్చింది, ఆవిరి దానంతటదే పోయింది. ఏసీ గదిలో వీటిని సంచిలో పెట్టి, సంచితోనే బయటికి తెచ్చి, కొంతసేపయ్యాక తీస్తే ఈ బాధ ఉండదు. సందు లేని గదికన్నా గాలి ఆడే వరండా ఉన్నందుకు దిండికి ఎక్కువ మార్కులు వేశాను. ఎండలో మాత్రం పెట్టలేదు. ఎండ వేడికి, హెయిర్ డ్రయర్ వేడికి అద్దాల నడుమ అతుకు దెబ్బతింటుంది.

మూడో బస అంతర్వేదిలో, కొబ్బరితోట మధ్య ఒక ఇంట్లో. గుడి, లైట్‌హౌస్, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసి వచ్చేసరికి అద్దాల నిండా ఉప్పు జల్లు, ఇసుక. ఇక్కడ తుడిస్తే ఇసుకే ఉప్పుకాగితం పని చేస్తుంది. బోరునీళ్ళు ఉప్పగా ఉన్నాయి, కాలువ నీళ్ళలో వండ్రు ఉంటుంది కనుక రెండూ పనికిరావు. ఇంటావిడను అడిగితే తాగేనీళ్ళ డబ్బాలోంచి ఒక చెంబెడు ఇచ్చారు. చల్లని మంచినీళ్ళు నెమ్మదిగా ధారగా పోసి, నీళ్ళు జాడించి, మిగిలిన చుక్కలను మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీశాను. రుద్దలేదు, కేవలం అద్దాను. తరువాత అరుగు మీద నీడలో వేలాడదీసి, ఇంట్లో అందరికీ ముట్టుకోవద్దని చెప్పాను. "మావాడి సెల్‌ఫోనుకన్నా సుకుమారంగా ఉన్నాయే!" అన్నారావిడ. తెల్లారేసరికి మరక లేకుండా ఆరాయి. మూడింటిలో అద్దె తక్కువ ఇక్కడే, నా మొదటి మార్కూ దీనికే.

తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో బండితో సహా పంటు (బళ్ళనూ మనుషులనూ నది దాటించే పడవ) ఎక్కాం. నది మధ్యలో జల్లు లేచి గాగుల్స్ తడిశాయి. పక్కనున్న పెద్దాయన వెంటనే భుజం మీది కండువా తీసి చాపారు. దండం పెట్టి వద్దన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టే అనిపించింది. నరసాపురం రేవులో దిగి, ఒక మంచినీళ్ళ సీసా కొని అద్దాల మీద పోసి, టీకొట్టు నీడలో హ్యాండిల్‌కు తగిలించాను. బావమరిది మూడో టీ తాగేసరికి అవి ఆరాయి.