పేటెంటా, గుట్టా? 1900ల నాటి అమెరికా లెక్క

కొత్త వస్తువు కనిపెట్టిన అమెరికన్‌కి అప్పట్లో రెండు దారులు: పేటెంట్ (వివరాలు బయటపెడితే, కొన్నేళ్లపాటు వేరెవరూ దాన్ని తయారుచేయకుండా ప్రభుత్వం ఇచ్చే హక్కు) తీసుకోవడం, లేదా తయారీ గుట్టు దాచి సరుకు అమ్ముకోవడం.

ఖర్చు: పేటెంట్‌కి దరఖాస్తుతో 15 డాలర్లు, మంజూరు కావడానికి మరో 20. లాయరు ఫీజు వేరు. గుట్టుకి ప్రభుత్వ ఫీజు లేదు.

గడువు: పేటెంట్‌కి 17 ఏళ్లు. గుట్టు బయటపడేదాకా మనదే.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్, కారు లోపల మీట తిప్పితే అద్దం తుడిచే పరికరానికి 1903లో పేటెంట్ పొందారు. 1905లో ఒక కెనడా కంపెనీ దాన్ని కొనడానికి ఒప్పుకోలేదు. 1920లో గడువు తీరింది. తర్వాతే వైపర్లు అన్ని కార్లకూ మామూలయ్యాయి, ఆమెకి మాత్రం పైసా రాలేదు. పోనీ దాచుకుందామా అంటే, అందరి కళ్ల ముందు అద్దం మీద ఆడే వస్తువుని ఎలా దాస్తాం?

గుట్టుకి వేరే టెన్షన్: వేరొకరు సొంతంగా అదే కనిపెడితే చట్టం ఆపదు.

శ్రమ: బేకలైట్ ప్లాస్టిక్‌కి 1909లో పేటెంట్ పొందిన బేక్‌లాండ్ పోటీదారులతో కోర్టుల్లో తలపడ్డారు. చివరికి 1922లో ఆ కంపెనీలు ఆయన కంపెనీతోనే కలిశాయి. డబ్బున్నవాళ్లకే సాగే పోరాటం అది.

విప్పి చూస్తే తెలిసిపోయే నాగలి, రేజరు లాంటివైతే పేటెంటే, అదీ కొనేవాళ్లు అప్పటికే ఉంటే. రుచి చూసినా పాళ్లు అందని కోకాకోలా లాంటి పానీయమైతే గుట్టే మేలు.