కడపలో చూపులేనివారికి స్వావలంబన శిక్షణ: అక్కడ నేర్చుకున్నవాడి సమీక్ష

నడివయసులో చూపు పోయినవారికి కడపలో ఒక స్వచ్ఛంద సంస్థ మూడు నెలలపాటు అక్కడే ఉంచుకుని శిక్షణ ఇస్తోంది. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడిని. నీటికాసుల జబ్బుతో, అంటే గ్లకోమాతో, చూపు పూర్తిగా పోయాక ఆ శిక్షణలో చేరి పూర్తి చేశాను. మంచితోపాటు లోటుపాట్లు కూడా రాస్తున్నాను కనుక సంస్థ పేరు చెప్పడం లేదు. మనం తడబడుతున్నప్పుడు కూడా చేయి అందించకుండా నాలుగడుగుల దూరంలో నిలబడి ఉండగల ఓర్పు అక్కడి శిక్షకులకు ఉంది. ఆ ఒక్క గుణం చూసే నేను ఆ శిక్షణను ఇతరులకు సిఫారసు చేస్తున్నాను.

చూపు పోయిన మనిషికి మన ఇళ్లలో ప్రేమకు కొదవ ఉండదు. మంచినీళ్లు చేతికే వస్తాయి, కంచంలో అన్నం కలిపి పెడతారు, స్నానాల గది దాకా భుజం పట్టుకుని తీసుకెళ్తారు. ఇదంతా మంచి మనసుతో చేసేదే అయినా, కొన్నాళ్లు గడిచేసరికి ఆ మనిషి తన ఇంట్లోనే చుట్టంలా అయిపోతాడు. సొంతంగా లేచి తలుపు గడియ తీయడానికి కూడా జంకుతాడు. ఈ జంకు మాటలతో పోయేది కాదు. పనులు చేసి, తప్పి, మళ్లీ చేసినప్పుడే పోతుంది.

శిక్షణలో సగానికి పైగా సమయం తెల్ల కర్రతో నడవడానికే కేటాయించారు, అది సరైన నిర్ణయం. కర్రను నిటారుగా నిలబెడితే దాని పై కొస రొమ్ము ఎముకను తాకాలి. నడిచేటప్పుడు ఎడమ కాలు ముందుకు పడుతుంటే కర్ర కొన కుడివైపు నేలను తాకాలి, కుడి కాలు పడుతుంటే ఎడమవైపు తాకాలి. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందుగానే తడిమి చూస్తుందన్నమాట. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1940ల్లో అమెరికా సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ రూపొందించిన పద్ధతి ఇది. అక్కడి వీధుల్లో కాలిబాటలు ఉంటాయి. మన కడప వై.వి. స్ట్రీట్‌లో ఉండేవి బండ్లు, దుకాణాల ముందు పరిచిన సరుకు, మూత లేని కాలువలు, మధ్యలో పడుకున్న ఆవులు. అందుకే నడక నేర్పే మా మొబిలిటీ సార్ తారురోడ్డు అంచున మట్టి మొదలయ్యే గీతను పట్టుకుని నడవడం నేర్పారు. పొద్దున ఎండ కుడి చెంపకు తగులుతుంటే ఉత్తరం వైపు వెళుతున్నట్టని, పిండిమర చప్పుడును, బేకరీ వాసనను మలుపుల గుర్తులుగా పెట్టుకోవాలని చెప్పారు. రాయలసీమ ఎండ ఇలా కూడా పనికొస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఒక ఉదయం కోటిరెడ్డి సర్కిల్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాను. వాహనాల చప్పుడు ఏ వైపు నుంచి ఏ వైపుకు కదులుతోందో విని, ఒక వరుస ఆగి మరో వరుస బయలుదేరే వరకు వేచి ఉండడం అప్పటి పాఠం. ఆలస్యం కావడంతో పక్కనున్న ఒకావిడ, ‘‘సార్‌ను ఎవరన్నా చెయ్యి పట్టుకోని దాటించండప్పా’’ అని గట్టిగా అన్నారు. వెనకనుంచి మా సార్, ‘‘వద్దమ్మా, ఆయనే దాటుతారు, రవ్వంత సేపు చూడండి’’ అన్నారు. నేను దాటాను. ఆ గొంతు నా వెనకే ఉందన్న భరోసా, అయినా ఆ చేయి నా మీద పడదన్న నమ్మకం, ఈ రెండూ కలిసినప్పుడే మనిషికి ధైర్యం వస్తుందని నాకు అక్కడ అర్థమైంది.

ఢిల్లీ ఐఐటీ రూపొందించిన స్మార్ట్ కేన్‌ను కూడా వాడి చూపిస్తారు. మామూలు కర్ర పై భాగంలో అమర్చుకునే ఆ పరికరం, మోకాలి నుంచి తల వరకు ఎత్తులో ఉన్న అడ్డంకులను అతిధ్వని తరంగాలతో పసిగట్టి, పిడిలో అదురు పుట్టించి హెచ్చరిస్తుంది. దుకాణాల ముందుకు దించిన రేకులు, లారీల వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు కర్ర కొనకు దొరకవు కాబట్టి అది నిజంగా అక్కరకొచ్చే వస్తువే. గుంతను, మెట్టును మాత్రం కర్ర కొనే చెప్పాలి. అందుకే మామూలు కర్ర చేతికి బాగా అలవాటైన తర్వాతే దాన్ని ఇస్తారు. బంధువులు ముందుగా ఖరీదైన పరికరం కొనిచ్చి, శిక్షణ సంగతి మరచిపోతున్న ఈ రోజుల్లో ఈ వరుసను పాటించడం మెచ్చుకోదగింది.

వంటగది పాఠాలు నన్ను ఎక్కువ మార్చాయి. గిన్నెను బర్నర్ మీద సరిగ్గా కూర్చోబెట్టిన తర్వాతే స్టవ్ వెలిగించాలి, నూనె కాగిందో లేదో ఆవాల చిటపట విని తెలుసుకోవాలి. ఉగ్గాని చేయించారు. బొరుగులను నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి చూస్తూ, పైన మెత్తబడి లోపల ఇంకా కాస్త బిరుసు ఉండగానే తీసి పిండాలి. మా అమ్మ జీవితమంతా ఆ పనిని చేతి స్పర్శతోనే చేసింది, బొరుగుల వంక చూసింది తక్కువ. నేను చేసిన ఉగ్గాని మొదట ముద్దయింది. వంట నేర్పే మేడమ్ దాన్ని పారేయనివ్వలేదు, అందరం తిన్నాం. తర్వాత పొడిపొడిగా వచ్చింది.

డబ్బు లెక్కలోనూ ఇంతే శ్రద్ధ ఉంది. ఇప్పుడు చలామణిలో ఉన్న కొత్త వరుస 100, 200, 500 రూపాయల నోట్ల వెడల్పు ఒకటే, 66 మిల్లీమీటర్లు. పొడవులు 142, 146, 150 మిల్లీమీటర్లు. తేడా నాలుగేసి మిల్లీమీటర్లే కనుక బజారు హడావుడిలో వేళ్లతో కొలవడం కష్టం. నోటు అంచుల్లో ఉబ్బెత్తు గీతలు ఉన్నా నలిగిన నోటులో అవి అణిగిపోతాయి. ఏ నోటును ఎలా మడిచి జేబులో పెట్టుకోవాలో ఒక అలవాటు చేయించారు. అనుమానం వస్తే రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన, నోటు విలువను గుర్తించి చెప్పే ‘మణి’ యాప్‌ను ఇంటర్నెట్ లేకుండానే వాడవచ్చని చూపించారు. 2019లో ప్రకటించిన ఇరవై రూపాయల నాణేనికి పన్నెండు అంచులు ఉంటాయి కనుక దాన్ని గుర్తుపట్టడం తేలిక.

కొద్దిగా చూపు మిగిలినవారికి కూడా కళ్లకు గంతలు కట్టి నడిపించడం మీద మా బృందంలో వాదన జరిగింది. అమెరికాలో అంధులే నడిపే జాతీయ సమాఖ్యకు చెందిన కేంద్రాల్లో, ఉదాహరణకు లూసియానా రాష్ట్రంలోని రస్టన్‌లో 1985లో మొదలైన కేంద్రంలో, ఇది నియమం. మసక చూపు మీద ఆధారపడే మనిషి సాయంత్రం కాగానే నిస్సహాయుడవుతాడు కనుక నేను ఆ పద్ధతినే సమర్థిస్తాను. అయితే మన దగ్గర ఎందుకు కడుతున్నారో ముందుగా వివరించకుండా కట్టడంతో ఒక యువకుడు నొచ్చుకుని రెండు రోజులు తరగతికి రాలేదు. ఇది సంస్థ దిద్దుకోవలసిన విషయం.

కంప్యూటర్ పాఠాలు హడావుడిగా ముగించారు. కంప్యూటర్ తెర మీది రాతను పైకి చదివి వినిపించే ఎన్‌విడిఎ అనే ఉచిత తెర చదువరి తెలుగులోనూ చదువుతుంది, ఉద్యోగం చేసేవారికి అది ప్రాణాధారం. దానికి ఇచ్చిన సమయం చాలదు. బ్రెయిలీ విషయంలో మాత్రం తొందరపెట్టలేదు. భారతీయ భాషలకు ఉమ్మడిగా రూపొందిన 1951 నాటి భారతి బ్రెయిలీ ప్రకారం తెలుగు అక్షరాలు నేర్పి, పెద్దవయసువారిని పుస్తకాలు చదవమని ఒత్తిడి చేయకుండా పప్పు డబ్బాలకు, మందు సీసాలకు చీటీలు రాసుకోవడం దగ్గర ఆపారు.

ఇవి కాక ఒక సాయంత్రం చట్టం గురించి చెప్పారు. ప్రభుత్వోద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ ఉద్యోగిని తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని, ఆ పనికి తగకపోతే అదే జీతంతో వేరే పోస్టులో పెట్టాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయమని నాకు సలహా ఇచ్చినవారెవరూ ఈ సంగతి చెప్పలేదు. నేను ఆ కాగితం మీద సంతకం చేయలేదు, ఇప్పుడు బడికి వెళుతున్నాను.

అన్నిటికంటే పెద్ద లోటు కుటుంబాల విషయంలో ఉంది. వారికి ఒక్క పూట మాత్రమే కేటాయించారు, అదీ చివరి రోజున. నేను ఇంటికి చేరగానే మా ఆవిడ, ‘‘మీరు కూర్చోండి, నేను తెస్తాగా’’ అనడం మళ్లీ మొదలైంది. నెలల తరబడి నేర్చుకున్నది ఆ మాట దగ్గర కరిగిపోతుందేమోనని నాకు భయం వేసింది. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాక ఇప్పుడు పొద్దుటి కాఫీ నాది, రైతు బజారు పని నాది. కుటుంబ సభ్యులకు కనీసం వారానికి ఒక పూటైనా, మొదటి నెల నుంచే శిక్షణ ఉండాలి. ఆడవారికి విడిగా వసతి లేకపోవడం వల్ల బృందంలో వారి సంఖ్య బాగా తక్కువగా ఉంది. సంస్థ దీన్ని ఇంకా వాయిదా వేయకూడదు.

శిక్షణకు రుసుము లేదు, భోజనానికి మాత్రం నెలకు కొంత తీసుకుంటారు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం, కంటి వైద్యుడి నివేదిక వెంట తీసుకెళ్లాలి. మీ ఊరికి దగ్గర్లో ఇలాంటి కేంద్రం ఏది ఉన్నా, చేరే ముందు అక్కడ ఒక పూట గడపండి. శిక్షణ గదుల్లోనే సాగుతోందా, లేక బజారుకు కూడా తీసుకెళుతున్నారా అని అడగండి. నేర్చుకుంటున్న మనిషి తడబడినప్పుడు శిక్షకుడు ఏం చేస్తున్నాడో గమనించండి. వెంటనే పరుగెత్తుకొచ్చి చేయి పట్టుకుంటున్నట్లయితే, ఇంకో కేంద్రం చూసుకోండి.