భూమిని కాపాడుకోవడానికి ఏ దారి మేలు? శాశ్వత ఒప్పందమా, గడువు ఒప్పందమా, పొరుగువాళ్ల సంఘమా

పొలం ఉన్నవాళ్లలో చాలామందికి దాన్ని పాడుచేయాలని ఉండదు. వాగు ఒడ్డున చెట్లు అలాగే నిలవాలని, మెరక మీది మట్టి వానకు కొట్టుకుపోకూడదని, తమ తర్వాత ఆ నేల ముక్కలై ప్లాట్లుగా మారకూడదని ఉంటుంది. చిక్కల్లా ఆ కోరికను ఏ రూపంలో కట్టుదిట్టం చేసుకోవాలన్న దగ్గరే వస్తుంది. పల్లె భూముల విషయంలో ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా కనిపించేవి మూడు దారులు. భూమి మీది కొన్ని హక్కులను శాశ్వతంగా వదులుకుంటూ రిజిస్టర్ చేయించే ఒప్పందం ఒకటి. ఇన్నేళ్లపాటు ఇలా చూసుకుంటానని మాటిచ్చి, అందుకు డబ్బు తీసుకునే ఒప్పందం రెండోది. పెద్ద కాగితాలేవీ లేకుండా చుట్టుపక్కల భూయజమానులు కలిసి పనిచేసుకోవడం మూడోది.

వీటిలో ఏది గొప్పదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. మీ భూమికి ప్రమాదం ఎటునుంచి వస్తోందో ముందు చూసుకుంటే మాత్రం ఎంపిక చాలా తేలికవుతుంది. ఆ కొలతతోనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

మొదట శాశ్వత ఒప్పందం. అమెరికాలో దీన్ని కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు, న్యూజిలాండ్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ కవనెంట్ అంటారు. పేరు వినగానే చాలామంది భూమి చేయి దాటిపోతుందని భయపడతారు. అది అపోహ. భూమి మీదే. దున్నుకోవచ్చు, పశువులను మేపుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. మీరు వదులుకునేది ప్లాట్లు వేసే హక్కో, గని తవ్వే హక్కో, ఫలానా అడవిని నరికే హక్కో మాత్రమే. దాన్ని కాపలా కాసే అధికారం ఒక ట్రస్టుకో ప్రభుత్వ సంస్థకో వెళుతుంది. ఆ హక్కును వాళ్లూ వాడుకోలేరు, ఎవరూ వాడకుండా చూడడమే వాళ్ల పని. భూమి రికార్డులోకి ఎక్కుతుంది కాబట్టి రేపు కొన్నవాళ్లకూ అదే కట్టుబాటు.

ఈ ఆలోచన ఒక్కసారిగా రాలేదు. 1891లో మసాచుసెట్స్‌లో చార్లెస్ ఎలియట్ అనే ల్యాండ్‌స్కేప్ రూపశిల్పి చొరవతో మొదలైన ట్రస్టు, 1895లో ఇంగ్లండ్‌లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ విలువైన భూములను తమ సొంతం చేసుకుని కాపాడే పద్ధతిలో నడిచాయి. ఆ పద్ధతి మంచిదే. కానీ ప్రతి వాగునూ ప్రతి పచ్చిక బయలునూ కొనేంత డబ్బు ఏ ట్రస్టు దగ్గరా ఉండదు. పైగా భూమిని కొనేస్తే దాన్ని తరాలుగా చూసుకున్న కుటుంబం బయటికి నడవాల్సి వస్తుంది. మనిషిని భూమి మీదే ఉంచి, భూమిని ముక్కలు కాకుండా ఆపే మార్గం కావాల్సి వచ్చింది. న్యూజిలాండ్ 1977లో ఇందుకోసం చట్టం చేసి క్వీన్ ఎలిజబెత్ 2 నేషనల్ ట్రస్టును పెట్టింది. అమెరికాలో ఇలా హక్కులు దానం చేసేవారికి పన్ను మినహాయింపు 1980లో స్థిరపడింది. ఆ మినహాయింపు కావాలంటే ఒప్పందం శాశ్వతంగా ఉండి తీరాలి.

డబ్బు లెక్క ఎలా ఉంటుందో చూడాలంటే కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ మంచి ఉదాహరణ. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆనుకుని ఉన్న పాడి పొలాల ప్రాంతమది. నగరం పెరిగేకొద్దీ పొలం ధర పాల ఆదాయానికి అందనంత దూరం పోతుంది. 1980లో పాడి రైతు ఎలెన్ స్ట్రాస్, వృక్షశాస్త్రవేత్త ఫిలిస్ ఫేబర్ కలిసి అక్కడ వ్యవసాయ భూముల కోసమే ఒక ట్రస్టు పెట్టారు. ఇళ్లు కట్టే హక్కుతో కలిపి పొలం విలువ ఎంత, ఆ హక్కు తీసేస్తే ఎంత అని లెక్కగట్టి, ఆ తేడాను రైతుకు చెల్లించడం ఇలాంటి ట్రస్టుల పద్ధతి. ఆ సొమ్ముతో అప్పు తీర్చుకోవచ్చు. వ్యవసాయం వద్దనుకున్న తోబుట్టువులకు వాటా ఇచ్చి, పొలాన్ని పొలంగానే నిలుపుకోవచ్చు. నా దృష్టిలో శాశ్వత ఒప్పందానికి ఇంతకు మించిన బలం లేదు. పల్లె భూములు ముక్కలయ్యేది చాలావరకు పంపకాల రోజునే, సరిగ్గా ఆ రోజుకు చేతిలో డబ్బు పెడుతుంది.

ఇక లోపాలు. ఒప్పందం తర్వాత భూమి మార్కెట్ విలువ తగ్గుతుంది, బ్యాంకు అప్పు మీదా ఆ ప్రభావం పడుతుంది. రాసుకున్న షరతులు ఎప్పటికీ ఉంటాయి, నది దారి మార్చుకుంటుంది, వానల తీరు మారుతుంది, పంటలు మారతాయి. కాపలా కాసే సంస్థ బలహీనపడితే కాగితం కాగితంగానే మిగులుతుంది. కంచే చేను మేసిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో కొందరు మధ్యవర్తులు పెట్టుబడిదారులను పోగేసి, భూమి విలువను విపరీతంగా పెంచి చూపించి పన్ను మినహాయింపులు కొట్టేశారు. 2016 చివర్లో అక్కడి పన్నుల శాఖ ఇలాంటి లావాదేవీలను అనుమానిత జాబితాలో పెట్టింది. పెట్టిన పెట్టుబడికి రెండున్నర రెట్లు మించిన మినహాయింపు చెల్లదని 2022 చివర్లో చట్టమే తెచ్చారు. నిజాయితీగా హక్కులు వదులుకున్న రైతుల మంచిపేరును ఆ లావాదేవీలు దెబ్బతీశాయి, అది తలుచుకుంటే బాధేస్తుంది.

ఇంకో పరిమితి ఉంది, దీన్ని తక్కువమంది పట్టించుకుంటారు. ఈ ఒప్పందం ప్రధానంగా ‘చేయకూడదు’ అని చెబుతుంది. ఇల్లు కట్టనివ్వదు, సరే. కలుపు మొక్కలు కమ్ముకొస్తే వాటిని పీకేది ఎవరు? గట్టు తెగితే పూడ్చేది ఎవరు? న్యూజిలాండ్ ట్రస్టు కంచె ఖర్చులో సాయం చేస్తుంది, సుమారు రెండేళ్లకోసారి మనుషులు వచ్చి చూసి సలహా చెబుతారు. అలాంటి తోడు లేకపోతే చట్టం కాపాడిన భూమే నిర్లక్ష్యంతో పాడవుతుంది.

గడువు ఒప్పందం బలం సరిగ్గా ఇక్కడే. దీనికి పాత ఉదాహరణ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉన్న కూన్ వ్యాలీ. ఏటవాలు పొలాలు, వాలు వెంబడి పైనుంచి కిందికి దుక్కి, అడవి వాలుల్లో పశువుల మేత. వాన పడితే మట్టి వాగులోకి జారిపోయేది. 1933లో అక్కడ ఒక పరీవాహక ప్రాంతమంతటినీ తీసుకుని నేల కోతను ఆపే పథకం మొదలైంది. రైతులు ఐదేళ్ల ఒప్పందాలు రాసుకున్నారు. వాలుకు అడ్డంగా దున్నడం, పంటను గడ్డిని పట్టీలుగా మార్చి మార్చి వేయడం, నిటారు వాలుల మీదికి పశువులను తోలకపోవడం వాళ్ల వంతు. కూలి మనుషులు, విత్తనం, కంచె సామాను ప్రభుత్వం వంతు. ఆ లోయలో అడ్డదుక్కి పట్టీలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఐదేళ్ల కాగితం తీరిపోయినా అలవాటు మిగిలింది, ఎందుకంటే ఆ పద్ధతి రైతుకే లాభం.

రైతుకు లాభం లేని పనికి డబ్బు ఇచ్చి చేయిస్తే కథ వేరుగా ఉంటుంది. 1985లో అమెరికా మొదలుపెట్టిన కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ కింద, కోతకు గురయ్యే భూమిని పంట మానేసి గడ్డికో చెట్లకో వదిలితే 10 నుంచి 15 ఏళ్లపాటు ఏటా అద్దె చెల్లిస్తారు. 2007 నాటికి ఇందులో సుమారు 3.68 కోట్ల ఎకరాలు చేరాయి. తర్వాత మొక్కజొన్న, సోయా ధరలు పెరిగాయి. గడువు తీరిన భూములు లక్షల ఎకరాల్లో మళ్లీ నాగలి కిందికి వెళ్లాయి. 2014 చట్టంలో ప్రభుత్వమే గరిష్ఠ పరిమితిని 2.4 కోట్ల ఎకరాలకు కుదించింది. పదిహేనేళ్లు పెరిగిన గడ్డి, దాని వేళ్లలో చేరిన సారం ఒక్క దుక్కితో పోతాయి. రైతును తప్పుపట్టలేం. ఆ ఏడాది మార్కెట్ ఇచ్చేది ఒప్పందం ఇచ్చేదానికన్నా ఎక్కువ.

కోస్టారికా 1997 నుంచి అడవిని నిలిపినవారికి డబ్బు చెల్లిస్తోంది, ఇంధనం మీద పన్ను దానికి ముఖ్యమైన ఆదాయం. ఒకప్పుడు బాగా తరిగిన అడవి ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా ఉంది. అయితే ఆ పథకానికి పునాది అయిన 1996 చట్టమే అడవిని వేరే అవసరాలకు మార్చడాన్ని నిషేధించింది కూడా. అంటే చెల్లింపు వెనుక నిషేధం ఉంది. ఈ ఫలితం అంతా డబ్బుదే అనుకోవడం పొరపాటు.

మూడో దారిలో డబ్బూ తక్కువ, కాగితమూ తక్కువ. కలుపు, ఉప్పు తేలిన నేల, కుందేళ్ల బెడద వీటికి సరిహద్దు రాళ్లు కనబడవు. ఒక్కరు శుభ్రం చేసి పక్కవాళ్లు వదిలేస్తే మరుసటి ఏడాదికి మళ్లీ మొదటికొస్తుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1986లో విన్‌జాలక్ అనే ప్రాంతపు రైతులతో మొదలైన ల్యాండ్‌కేర్ సంఘాలు ఈ ఇబ్బందిలోంచే పుట్టాయి. అప్పటి రాష్ట్ర మంత్రి జోన్ కర్నర్, రైతుల సమాఖ్య నాయకురాలు హెదర్ మిచెల్ కలిసి వాటికి అండగా నిలిచారు. పర్యావరణవాదులు, రైతులు ఎదురెదురు పక్షాలుగా ఉన్న రోజుల్లో అది చిన్న పని కాదు. ఆ సంఘాలు దేశమంతా వ్యాపించాయి.

సంఘంలో చేరడం సులువు, వదలడమూ సులువే. చురుకైన ఇద్దరు ముగ్గురు తప్పుకుంటే చప్పబడుతుంది. ఎక్కువ ధర వచ్చినప్పుడు ఒక సభ్యుడు పొలాన్ని రియల్ ఎస్టేట్‌కు అమ్మేస్తే సంఘం చూస్తూ ఉండాల్సిందే.

అయినా మొదటి అడుగు ఇక్కడే వేయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆరిజోనా, న్యూమెక్సికో సరిహద్దులోని మాల్‌పాయ్ బోర్డర్‌లాండ్స్ గ్రూప్ చూడండి. పశువులు పెంచే కుటుంబాలు 1994లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా నమోదు చేశాయి. పచ్చిక బయళ్లలో సహజంగా వచ్చే మంటను ప్రతిసారీ ఆర్పేయడంతో పొదలు పెరిగి గడ్డి తగ్గుతోందన్నది వాళ్లను కలిపిన గోడు. మాట్లాడుకోవడంతో మొదలై ‘గడ్డి బ్యాంకు’ దాకా వచ్చారు. కరువులో ఒకరు తన బయలుకు విశ్రాంతి ఇచ్చి, పశువులను గ్రే రాంచ్ అనే పెద్ద పశువుల క్షేత్రానికి తోలతారు. ఆ మేత విలువకు బదులుగా తన భూమిని ప్లాట్లు చేయనని శాశ్వత ఒప్పందం రాసిస్తారు. నగదు చేతులు మారలేదు, మేత మారింది. పొరుగువాళ్ల నమ్మకం లేకుండా ఏ వకీలూ ఇలాంటి కాగితం రాయించలేరు.

వ్యాపారాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా ఉండేది అక్కడే. ఫ్రాన్స్‌లోని విట్టెల్ మినరల్ వాటర్ కంపెనీకి 1980లలో, పొలాల ఎరువుల నుంచి నీటిలోకి దిగే నైట్రేట్ భయం పట్టుకుంది. సహజ మినరల్ వాటర్ అని అమ్మాలంటే శుద్ధిచేసి నైట్రేట్ తీసేయడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. ఊట చుట్టూ పొలాల తీరే మారాలి. కంపెనీ రైతులతో ఏళ్ల తరబడి మాట్లాడి, 18 నుంచి 30 ఏళ్ల ఒప్పందాలు చేసుకుంది. రైతులు మొక్కజొన్న, రసాయనాలు మానేశారు, పేడను కంపోస్టు చేశారు. బదులుగా పరివర్తన కాలానికి చెల్లింపు, భూమి అప్పుల నుంచి విముక్తి, సాంకేతిక సాయం అందాయి. మంచి ఫలితమే. కానీ భూగర్భ జలాన్ని ఎంత తోడుతున్నారన్న దాని మీద తర్వాత అక్కడే వివాదం రేగింది. వ్యాపారం తనకు అవసరమైనదాన్ని శ్రద్ధగా కాపాడుతుంది. దాని అవసరంలో లేని విషయాన్ని ఒప్పందంలో రాయించుకోవాల్సింది భూయజమానులే.

ఇప్పుడు ఎంపిక. పట్టణం మీదికొస్తోంది, వారసులు ఎక్కువమంది, ఏదో ఒకరోజు అమ్మకం తప్పదనిపిస్తోంది అంటే శాశ్వత ఒప్పందమే దారి, మిగతావి ఆ ఒత్తిడికి ఆగవు. ప్రమాదం సాగు పద్ధతిలో ఉంటే, అంటే నేల కోత, ఎరువుల కారుదల, వాలు మీద మేత లాంటివైతే, గడువు ఒప్పందం చాలు. అయితే గడువు ముగిశాక డబ్బు లేకుండానే ఆ పద్ధతి మీకు గిట్టుబాటు అవుతుందా అని ముందే లెక్క వేసుకోండి. గిట్టుబాటు కాదని తేలితే, వీలైనంత ఎక్కువ ఏళ్లకు రాయించుకోండి. కలుపు, మంట, నీరు లాంటి గట్టు దాటే సమస్య అయితే పొరుగువాళ్లను పిలవండి. ఏ దారి తీసుకున్నా ఆ పిలుపు ముందుగా వెళ్లడమే మంచిది.

శాశ్వత ఒప్పందానికి సిద్ధమైతే సంతకానికి ముందు ఆ సంస్థను మూడు విషయాలు అడగండి. ఏటా భూమిని చూడడానికి ఎవరు వస్తారు, కోర్టుకు వెళ్లాల్సి వస్తే విడిగా నిధి ఉందా, సంస్థ మూతపడితే ఈ హక్కు ఎవరికి పోతుంది. సంతకం నాటి భూమి స్థితిని మ్యాపులతో ఫొటోలతో రికార్డు చేసి మీకో ప్రతి ఇవ్వమనండి. ఆ రోజు పొలం చుట్టూ నడిచేటప్పుడు రేపు ఆ షరతుల కింద సాగుచేయబోయే పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి. ఏ గీత ఎందుకు గీశారో వాళ్లు అక్కడే అడగగలుగుతారు.