మెలకువలో ఆపరేషనా, పూర్తి మత్తులోనా?

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి మెదడు కణితి చికిత్సకు బెంగళూరు నిమ్హాన్స్ వంటి ఆసుపత్రులకు వచ్చే కుటుంబాలకు, కణితి మాటల కేంద్రాన్ని ఆనుకొని ఉందని ఎం.ఆర్.ఐ.లో తేలినప్పుడు, రోగిని పూర్తి మత్తులో ఉంచాలా, మెలకువగా ఉంచాలా అన్న ప్రశ్న ఎదురుకావచ్చు.

పూర్తి మత్తులో రోగికి భయం తెలియదు; కాలు చేతులను కదిలించే నాడీ మార్గాలను విద్యుత్ సంకేతాలతో అప్పుడు కూడా కనిపెట్టవచ్చు. మాటను మాత్రం నిద్రలో ఉన్న మనిషిలో పరీక్షించడం సాధ్యం కాదు.

మెలకువ పద్ధతిలో నెత్తి చర్మానికి మొద్దుబారే మందు ఇస్తారు. పుర్రె తెరిచేటప్పుడు చాలాసార్లు నిద్రపుచ్చి, తర్వాత లేపుతారు. మెదడు కణజాలానికి స్వతహాగా నొప్పి తెలియదు. సర్జన్ సన్నని విద్యుత్ కడ్డీని ఒక చోట ఆనించినప్పుడు, ఎదుట తెరపై గొడుగు బొమ్మ చూస్తున్న రోగి “ఇది...” అని ఆగిపోతే, ఆ చోటు మాటకు అవసరమని తెలుస్తుంది; దాన్ని కోయకుండా గుర్తు పెడతారు. ఇంట్లో తెలుగు, పనిలో కన్నడ మాట్లాడే బెంగళూరు వాసికి రెండు భాషల్లోనూ పరీక్ష జరగాలని నేను గట్టిగా కోరుతాను, ఎందుకంటే మెదడులో ఆ రెండింటి స్థానాలు అన్నివేళలా ఒకటే కావు. ఈ విద్యుత్తు వల్ల ఒక్కోసారి ఫిట్స్ రావచ్చు. మెదడుపై చల్లని సెలైన్ పోసి ఆపుతారు.

చిన్న పిల్లలకు, అప్పటికే మాట బాగా పోయినవారికి, ఆపుకోలేని దగ్గు ఉన్నవారికి పూర్తి మత్తే మేలు. మాట నిలిచి ఉన్న పెద్దవారిలో, ముఖ్యంగా గ్లయోమా (మెదడు కణజాలంలోనే పుట్టే కణితి) అయితే, మెలకువ పద్ధతి గురించే ముందు అడగమంటాను. ఆ అనుభవం ఉన్న బృందం, ఆ బొమ్మల పరీక్షను ముందుగానే తెలుగులో సాధన చేయించే మనిషి అక్కడ ఉన్నారో లేదో కూడా కనుక్కోవాలి.