పన్నెండేళ్ల ఇన్నోవా, ఒక పసుపు దీపం

ఇన్నోవా గురించి కొత్తగా చెప్పడానికేముంది? పెళ్లిబృందంలో అదే, తిరుపతి ట్రిప్పులో అదే, ఎమ్మెల్యే గారి వెనక వరసలో అదే. సీట్లు ఎన్ని, ఏసీ ఎంత చల్లగా వస్తుంది, మైలేజీ ఎంత అనేవి ఆ బండి ఎక్కనివాళ్లకు కూడా తెలుసు. వాటి జోలికి నేను పోను. నేను రాయాలనుకున్నది మీటర్ బోర్డులో ఒక మూలన ఉండే పసుపు దీపం గురించి. డీజిల్ ఫిల్టర్ దీపం అది. తాళం తిప్పగానే మిగతా దీపాలతో పాటు ఒకసారి వెలిగి ఆరిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. మా బండిలో అది పన్నెండేళ్లలో ఒక్క రాత్రే నిజంగా వెలిగింది. నేను టయోటా మనిషినైపోయింది ఆ రాత్రే.

మాది 2011 మోడల్, 2.5 లీటర్ల డి-4డి డీజిల్ ఇంజన్. 2013లో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు 2 లక్షల 87 వేలు. ఊరు చీరాల కాబట్టి ఉప్పుగాలి ఉంటుంది, తిరుగుడంతా ఎక్కువగా హైవేల మీదే.

2018 ఆగస్టు. మా మేనల్లుడు ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్తున్నాడు. శంషాబాద్‌లో తెల్లవారుజామున నాలుగింటికి ఫ్లైట్. మధ్యాహ్నం మూడింటికే బయల్దేరాం. నేను, అమ్మ, అక్క, బావ, వాడు, వాడి చెల్లెలు. వెనక సీటు ఒక పక్క మడిచి రెండు సూట్‌కేసులు పెట్టాం. ఒక్కోటి 23 కేజీలు దాటకూడదని మా అక్క వేలాడే కాటాతో పదిసార్లు తూచింది. గోంగూర పచ్చడి సీసా మూడుసార్లు బయటికి వచ్చి మూడుసార్లు లోపలికి వెళ్లింది.

అద్దంకి దాటాక వాన మొదలైంది. దారిలో ఒక బంకులో మూడు వేలకు డీజిల్ కొట్టించాను. ఏ బంకో చెప్పను. ముందు రెండు రోజుల నుంచీ అక్కడ వానలు పడుతున్నాయన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. పిడుగురాళ్ల సున్నం బట్టీలు దాటి దాచేపల్లి వైపు వెళ్తుంటే దీపం వెలిగింది.

నిజం చెప్పాలంటే, అదేం దీపమో ఆ క్షణాన నాకు తెలియదు. బండి మామూలుగానే పోతోంది. పక్క సీట్లో ఉన్న మా బావ తొంగి చూసి, "ఏం కాదులే బామ్మర్దీ, ఇన్నోవా ఆగదని నువ్వే కదా ఊరందరికీ చెబుతావ్, పోనీ" అన్నాడు. మాట నాదే కాబట్టి కాదనలేకపోయాను. పోనిచ్చాను. ఆరేడు కిలోమీటర్లు పోయాక పుల్లింగ్ తగ్గింది. యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒకసారి ఊపు తీసుకుని మళ్లీ నీరసపడుతోంది. వెనక నుంచి మా అమ్మ, "ఒరేయ్ అబ్బాయ్, ముందు పక్కన ఆపరా" అంది. ఒక టీ కొట్టు రేకుల షెడ్డు ముందు ఆపాను.

డాష్‌బోర్డు అరలో డాక్టరు గారు ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచిన మాన్యువల్ ఉంది. ఐదేళ్లుగా అది నా దగ్గరే ఉంది, ఎప్పుడూ తెరవలేదు. సెల్‌ఫోన్ లైటు వేసుకుని తిప్పితే దొరికింది. డీజిల్‌లో నీళ్లు చేరాయి, వెంటనే తీసేయండి అని దాని సారాంశం. ఇంజన్ ఆగితే కొట్టుకునే గుండె, ఆ వాక్యం చదివాక ఇంకా ఎక్కువ కొట్టుకుంది. ఫ్లైట్ టెన్షన్ ఒక పక్క, నా చేతకానితనం ఒక పక్క.

షెడ్డులో టీ తాగుతున్న లారీ డ్రైవర్ ఒకాయన గొడుగు కూడా లేకుండా వచ్చి బానెట్ ఎత్తమన్నాడు. "నీళ్లు పడ్డయ్యన్నా, ఏం లేదు, కింద బిరడా విప్పితే పోతయ్" అన్నాడు. ఫిల్టర్ అడుగున ఉన్న బిరడా రెండు చుట్లు వదులు చేసి, పైన ఉన్న మూతలాంటి పంపును అరచేత్తో నొక్కమన్నాడు. నేను నొక్కుతున్నాను, ఆయన కింద సగానికి కోసిన వాటర్ బాటిల్ పట్టుకున్నాడు. ముందు వచ్చినవి అచ్చంగా నీళ్లు. పావు బాటిల్ నిండాక డీజిల్ రావడం మొదలైంది. బిరడా బిగించాం. పంపు గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేస్తే అందుకుంది. దీపం ఆరిపోయింది. డబ్బులిస్తే ఆయన తీసుకోలేదు, టీ డబ్బులు మాత్రం ఇవ్వనిచ్చాడు.

వాడపల్లి దగ్గర కృష్ణ దాటాక మళ్లీ వెలిగింది. ఈసారి ఎవరినీ అడగలేదు, నేనూ మేనల్లుడూ కలిసి తీసేశాం. నల్గొండకు ముందు మూడోసారి. ఆ తర్వాత వెలగలేదు. రాత్రి పన్నెండూ నలభైకి ఎయిర్‌పోర్టులో ఉన్నాం. వాడు లోపలికి వెళ్తూ కావలించుకుంటే ఇద్దరి చేతులూ డీజిల్ కంపే.

ఇంటికొచ్చాక మెకానిక్ ట్యాంకు దింపి కడిగాడు, ఫిల్టర్ మార్చాడు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పరీక్ష చేయించాడు. నాలుగూ బాగున్నాయి. మా బండిలోలాంటి కామన్ రైల్ ఇంజన్లలో (ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నింపి ఇంజెక్టర్లన్నిటికీ పంపే రకం) పంపుకైనా ఇంజెక్టర్లకైనా ఆ డీజిలే కందెన. వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడిలో దాని బదులు నీళ్లు వెళ్తే లోపలి లోహం గీసుకుపోతుంది, తుప్పు పడుతుంది. ఆ ఖర్చు తలచుకుంటే అప్పటి నా జీతం గుర్తొస్తుంది. బిల్లు పట్టుకుని బంకుకు వెళ్తే, "వానలకు మేమేం చేస్తాం సార్" అన్నారు. ఆ బంకులో మళ్లీ కొట్టించలేదు.

దీపం పనిచేసే తీరు చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. పులుసు మీద నూనె తేలినట్టు నీళ్ల మీద డీజిల్ తేలుతుంది, బరువైన నీళ్లు ఫిల్టర్ అడుగుకు చేరతాయి. అక్కడ నీళ్ల మీద తేలే చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. మట్టం పెరిగితే అది పైకి లేచి స్విచ్ తగిలిస్తుంది. అంతే. ఇలాంటిది వేరే కంపెనీల డీజిల్ బండ్లలోనూ ఉంటుంది, టయోటా ఒక్కటే కనిపెట్టిందని నేననడం లేదు. కానీ తప్పు జరిగితే ముందుకు పోనివ్వకుండా అక్కడే ఆపాలన్న పట్టుదల ఈ కంపెనీకి కార్లు చేయకముందు నుంచీ ఉంది. ఆ కథ తెలిశాక నాకు మా తాత గుర్తొచ్చాడు.

మా తాతది గుంటమగ్గం. పడుగులో ఒక్క పోగు తెగిందో, చూసుకోకుండా నాడె (అడ్డపోగును అటూ ఇటూ మోసే కర్ర) నడిపిస్తే బట్ట మీద గీత పడిపోతుంది. అది కూలిలో కోత. అందుకే ఆయన ఎవరు పలకరించినా తలెత్తేవాడు కాదు, కళ్లు పడుగు మీదే. టయోటాకు మూలపురుషుడు, జపాన్‌లో 1867లో పుట్టిన సకిచి టయోడా వడ్రంగి కొడుకు, తల్లి మగ్గం మీద పడే కష్టం చూస్తూ పెరిగినవాడు. చెక్కమగ్గంతో మొదలుపెట్టి 1924 నాటికి ఆయన తయారుచేసిన జి-రకం మగ్గంలో, పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోయేది. మనిషి రెప్ప వేయకుండా కాపలా కాయనక్కర్లేదు, ఒకరే చాలా మగ్గాలు చూసుకోవచ్చు. 1926లో ఆ మగ్గాల కోసమే కంపెనీ పెట్టాడు. 1929లో ఆ మగ్గం హక్కులను ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్‌కు లక్ష పౌండ్లకు అమ్మారు. కొడుకు కిచిరో ఆ మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం తెరిచాడు, అది 1937లో విడిగా టయోటా మోటార్ అయింది.

ఇంటిపేరు టయోడా అయితే కారు పేరు టయోటా ఎందుకయింది? జపాన్ లిపిలో అలా రాస్తే ఎనిమిది గీతలే పడతాయి, వాళ్లకు ఎనిమిది అదృష్ట సంఖ్య. (నంబర్ ప్లేటు కూడితే తొమ్మిది రావాలని ఆర్టీఏ ఆఫీసులో వేలం పాడే మనవాళ్లకు ఇది వింతేమీ కాదు.) ఇంటిపేరు రాసే అక్షరాల అర్థం మాత్రం సారవంతమైన వరిమడి.

పోగు తెగితే మగ్గం ఆగడమన్న సంగతే తర్వాత వాళ్ల కార్ల ఫ్యాక్టరీకి వెళ్లింది. తేడా కనిపిస్తే లైనులో నిలబడ్డ ఏ కార్మికుడైనా తాడు లాగొచ్చు, పని ఆగుతుంది. పైవాడి అనుమతి అక్కర్లేదు. నాణ్యతకు పేరు మొదటి రోజు నుంచీ ఉందనుకోకండి. 1957లో అమెరికాకు పంపిన క్రౌన్ కారు అక్కడి హైవేల వేగం తట్టుకోలేకపోయింది, మూడేళ్లకే అమ్మకం ఆపేశారు. మన దగ్గర కూడా 2000లో క్వాలిస్ వచ్చినప్పుడు డబ్బాలా ఉందని నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇండోనేషియాలో కిజాంగ్ అని అప్పటికే తిరుగుతున్న బండే అది. ఐదేళ్ల తర్వాత దాన్ని తీసేసి ఇన్నోవా తెస్తే, మంచి బండిని ఎందుకు ఆపేశారని తిట్టినవాళ్లలోనూ ఉన్నాను.

పైన పొగిడినదాంట్లో కొంత వెనక్కి తీసుకోవాలి. 2021లో ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఒక షెడ్డులో ఫిల్టర్ మార్పించాను. చవకగా అయిపోయిందని సంతోషించాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను. మళ్లీ ఫిల్టర్ మార్చేటప్పుడు మా పాత మెకానిక్ పిలిచి చూపించాడు. స్విచ్‌కు వెళ్లే వైరు తగిలించనే లేదు, పక్కన వేలాడుతోంది. అడుగున రెండు చెంచాల నీళ్లున్నాయి. అంటే ఎనిమిది నెలలు నేను నమ్మింది ఒట్టి గాజుబిళ్లను. అప్పటి నుంచి దీపంతో సంబంధం లేకుండా ప్రతి వానాకాలం రెండుసార్లు బిరడా విప్పి చూసుకుంటున్నాను.

కంపెనీ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 2009, 2010లలో కాళ్ల కింది మ్యాట్‌లో యాక్సిలరేటర్ పెడల్ ఇరుక్కోవడం, పెడల్ తిరిగి లేవకపోవడం వల్ల లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. కిచిరో మనవడు అకియో టయోడా అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని క్షమాపణ చెప్పాడు. ఆ విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించినందుకు 2014లో 120 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. నన్ను ఎక్కువగా గుచ్చింది మాత్రం 2024 జనవరి వార్త. డీజిల్ ఇంజన్ల శక్తి పరీక్షల్లో, అమ్మే బండ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరేది పెట్టి, అంకెలు హెచ్చుతగ్గులు లేకుండా నున్నగా కనిపించేలా చేశారట. మన దగ్గర ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ డెలివరీలకు పంపడం కొన్నాళ్లు ఆపారు. ఇంజన్లలో ప్రమాదమేమీ లేదని, వాడుతున్నవాళ్లు ఆపనక్కర్లేదని కంపెనీ చెప్పింది. సరే. కానీ ఆ పని చేసిందెవరనుకున్నారు? టయోటా ఇండస్ట్రీస్. సకిచి మగ్గాల కోసం 1926లో పెట్టిన ఆ కంపెనీయే. పోగు తెగినా మగ్గం ఆగలేదు. మా తాత ఉంటే ఏమనేవాడో!

నా బండిలో ఉన్నది అంతకుముందు తరం ఇంజన్, ఆ జాబితాలోది కాదు. అయినా ఆ వార్త తర్వాత "టయోటానా, కళ్లు మూసుకుని కొనండి" అనడం మానేశాను. కళ్లు తెరుచుకునే కొనండి అంటున్నాను. మా బావకు ఈ తేడా అర్థం కాలేదు.

కొనాలా అని అడిగేవాళ్లకు నా పరిస్థితి చెబుతాను, మీది మీరు పోల్చుకోండి. ఇంట్లో ఆరుగురం. నెలకు రెండుసార్లైనా దూరం వెళ్తాం. నడిచిపోయేంత దూరంలో పాత మెకానిక్ ఉన్నాడు. ఇన్నేళ్లలో టైమింగ్ బెల్టు, క్లచ్ మార్చాను, గుంతల రోడ్ల పుణ్యమా అని సస్పెన్షన్ బుష్‌లు ఎన్నిసార్లు మార్చానో లెక్క వదిలేశాను. హైవే మీద పన్నెండు దాకా ఇస్తుంది, ఊళ్లో అడక్కండి. 2026కి పదిహేనేళ్లు నిండుతాయి, రిజిస్ట్రేషన్ రెన్యూవల్, గ్రీన్ ట్యాక్స్ ఉన్నాయి. నేను చేయించుకుంటాననే అనుకుంటున్నాను. నలుగురే ఉండి, ఊళ్లోనే తిరిగేవాళ్లయితే ఇంత పాత డీజిల్ బండి కొనమని నేను చెప్పను. ఇన్నోవా హైక్రాస్ ఒకసారి నడిపాను, బాగుంది. బానెట్ ఎత్తితే చేయి పెట్టడానికి నాకు తెలిసింది ఏదీ కనిపించలేదు.

మేనల్లుడు ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి మొదటి కారు సెకండ్ హ్యాండ్ కరోలా. మొన్న చలికాలంలో తెల్లవారుజామున వాట్సాప్‌లో ఫొటో పంపాడు, మీటర్ బోర్డు మీద పసుపు దీపం. "మామయ్యా, ఇదేంటి? ఆఫీసుకి లేటవుతోంది, పోవచ్చా?" అని కింద రాశాడు. పెద్దది చేసి చూస్తే టైర్లలో గాలి తగ్గిందని. చలికి తగ్గి ఉంటుంది. పక్కన ఆపి గాలి కొట్టించుకునే వెళ్లమన్నాను. పది నిమిషాలకు ఇంకో ఫొటో వచ్చింది. బంకులో వంగుని గాలి పడుతున్నాడు.